చిగురు మీద పెరిగిన కండ హానికరం కాదన్నారు. మరి బయాప్సీ ఎందుకు?

ప్రశ్న

నమస్కారం. నా పై దవడలో ముందరి రెండు పళ్ల మధ్య చిగురు మీద కొన్ని నెలలుగా ఒక బుడిపె పెరుగుతోంది. మొదట్లో చిగురు కాస్త ఉబ్బినట్టు మాత్రమే ఉండేది. ఇప్పుడది సెంటీమీటరుకు దగ్గరగా పెరిగి, సన్నని కాడతో చిగురును పట్టుకుని వేలాడుతున్నట్టుంది. రంగు చుట్టూ ఉన్న చిగురు కన్నా బాగా ఎరుపు. నొప్పి బొత్తిగా లేదు గాని బ్రష్ తగిలితే చాలు, రక్తం కారుతుంది, ఒక పట్టాన ఆగదు. ఒక్కోసారి ఉదయం లేచేసరికి ఉమ్మిలో కూడా ఎర్రని చారలు కనిపిస్తున్నాయి.

దంతవైద్యులు ఎక్స్‌రే తీయించి ఎముకలో మార్పేమీ లేదన్నారు. పక్క పన్నుకు గతంలో వేసిన ఫిల్లింగ్ అంచు చిగురులోకి పొడుచుకుని ఉందని, దాని చుట్టూ గార పేరుకుందని చూపించారు. ఇది క్యాన్సర్‌లా కనిపించడం లేదని, ఆ ఒరిపిడికీ గారకూ చిగురు స్పందించడం వల్ల పెరిగిన కండ అని, మత్తు ఇచ్చి కోసి తీసేస్తే సరిపోతుందని ధైర్యం చెప్పారు. అంతవరకు బాగానే ఉంది. అయితే తీసిన ముక్కను బయాప్సీకి పంపుతామని ఆ వెంటనే చెప్పేసరికి, వచ్చిన ధైర్యమంతా పోయింది.

హానికరం కాదని చూడగానే చెప్పగలిగినప్పుడు పరీక్ష దేనికి? అసలు విషయం నా దగ్గర దాస్తున్నారా అన్న అనుమానం ఒకవైపు. ఇటువంటి వాటికి కత్తి తగిలితే ముదిరి చెడ్డ జబ్బుగా మారుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్న మాట ఇంకొకవైపు. మందులతోనో పుక్కిలించే ద్రావణంతోనో తగ్గే మార్గం లేదా? తీయించుకున్నా మళ్లీ వస్తుందని విన్నాను, అది ఎంతవరకు నిజం? ఈ రంగంలో ఉన్నవారు గాని, ఇటువంటిది తీయించుకున్నవారు గాని వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: నోటి వ్యాధుల ల్యాబ్‌లో పనిచేసే పాథాలజిస్టు

మీ వైద్యులు మీ దగ్గర ఏమీ దాచడం లేదనే నేననుకుంటున్నాను. ముక్కను పరీక్షకు పంపకుండా పారేస్తామని అన్నట్లయితేనే నేను మిమ్మల్ని ఇంకొకరికి చూపించుకోమని చెప్పేవాడిని.

నోటిలోని మెత్తని కణజాలం రోజంతా ఏదో ఒక ఒత్తిడికి గురవుతూనే ఉంటుంది. నమిలేటప్పుడు బుగ్గ పళ్ల మధ్య పడడం, విరిగిన పన్ను మొన రాచుకోవడం, గార చిగురు కిందికి దిగడం, సరిగా అమరని క్యాప్ అంచు గుచ్చుకోవడం వంటివి జరిగినప్పుడు శరీరం అక్కడ మరమ్మతు మొదలుపెడుతుంది. కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, పీచు కణాలు కొలాజెన్ అనే పీచు పదార్థాన్ని తయారుచేస్తాయి. కారణం తొలగిపోతే ఆ పని కూడా ఆగిపోతుంది. కారణం అక్కడే ఉండి రోజూ అదే చోటును రేపుతూ ఉంటే, మరమ్మతు అవసరానికి మించి సాగి, ఆ అదనపు కణజాలమే బుడిపెగా పైకి లేస్తుంది. వీటిని రియాక్టివ్ పెరుగుదలలు అంటాము. కణితిలో కణాలు అదుపు తప్పి తమంతట తాము పెరుగుతాయి. వీటిలో పెరుగుదల బయటి కారణాన్ని పట్టుకుని నడుస్తుంది. ఇవి క్యాన్సర్‌గా మారే రకం కావు.

నోరంతటినీ లెక్కలోకి తీసుకుంటే ఎక్కువగా కనిపించేది ఫైబ్రోమా. బుగ్గ లోపల, పై పళ్లూ కింది పళ్లూ కలిసే గీత వెంబడి, పొర రంగులోనే నున్నగా గట్టిగా ఉండే బుడిపె అది. తీసేస్తే తిరిగి రావడం అరుదు. కింది పెదవి లోపల నీలిఛాయతో మెత్తగా ఉబ్బి, చితికి, మళ్లీ నిండే బుడగ వేరే సంగతి. చిన్న లాలాజల నాళం తెగి జిగురు ద్రవం కణజాలంలోకి కారడం వల్ల ఏర్పడే మ్యూకోసీల్ అది.

మీకున్నట్టుగా చిగురు మీద వచ్చే బుడిపెల విషయంలోనే అసలు చిక్కంతా ఉంది. ఫైబ్రోమాను పక్కన పెట్టినా, అక్కడ ప్రధానంగా మరో మూడు రకాలు వస్తాయి, పైకి మూడూ ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తాయి. పయోజెనిక్ గ్రాన్యులోమా అన్నది ఒకటి. ఎర్రగా, మెత్తగా, పైపొర కొంత పుండుబారి, ముట్టుకుంటే రక్తమోడే బుడిపె ఇది. నోటిలో వచ్చే వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు చిగురు మీదే కనిపిస్తాయి. మీ వర్ణనను బట్టి నాకు మొదట తట్టింది ఇదే. రెండవది పెరిఫెరల్ ఆసిఫయింగ్ ఫైబ్రోమా. చిగురు మీద తప్ప ఇంకెక్కడా రాదు, యుక్తవయసులోనూ స్త్రీలలోనూ ఎక్కువ, ముందరి పళ్ల దగ్గరే ఎక్కువ. మూడవది పెరిఫెరల్ జెయింట్ సెల్ గ్రాన్యులోమా; చిగురు మీద గాని, పళ్లు ఊడిపోయిన దవడ గట్టు మీద గాని ఊదారంగు కలిసిన నీలిఛాయతో వస్తుంది. అయితే ఈ రంగుల తేడాలు పుస్తకంలో స్పష్టంగా ఉన్నంతగా నోటిలో ఉండవు. కొత్తగా వచ్చిన ఆసిఫయింగ్ ఫైబ్రోమా పుండుబారితే పయోజెనిక్ గ్రాన్యులోమాలాగే ఉంటుంది; పాతబడిన పయోజెనిక్ గ్రాన్యులోమాలో రక్తనాళాలు తగ్గి పీచు పెరిగి, అది లేత గులాబీ రంగు ఫైబ్రోమాలా తయారవుతుంది.

తేడా తెలిసేది మా బల్ల మీద. పది శాతం ఫార్మలిన్‌లో నిలవ చేసిన ముక్క సీసాలో మా దగ్గరకు వస్తుంది. దాన్ని రెండుగా కోసేటప్పుడే కొన్నిసార్లు సగం జవాబు దొరుకుతుంది. ఆసిఫయింగ్ ఫైబ్రోమా అయితే బ్లేడుకు ఇసుక తగిలినట్టు కరకరమంటుంది, ఎందుకంటే దాని మధ్యలో ఎముక వంటి గట్టి పదార్థం ఏర్పడి ఉంటుంది. మైక్రోస్కోపు కింద పయోజెనిక్ గ్రాన్యులోమాలో సన్నని రక్తనాళాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. జెయింట్ సెల్ గ్రాన్యులోమాలో ఒక్కొక్క కణంలో అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు, వాటి మధ్య కారిన రక్తం తాలూకు గోధుమరంగు రేణువులు కనిపిస్తాయి. ఆ రేణువుల వల్లా, లోపలి రక్తం వల్లా పైకి ఆ నీలిఛాయ వస్తుంది.

ఈ తేడా వైద్యాన్ని మారుస్తుంది. జెయింట్ సెల్ రకమని తేలినప్పుడు, ముఖ్యంగా ఒకటికి మించి వచ్చినప్పుడో తిరిగి వచ్చినప్పుడో, రక్తంలో కాల్షియంను, దాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోనును చూడమని నివేదికలో రాస్తాము. పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసేవారికి దవడలో వచ్చే గడ్డ కూడా మైక్రోస్కోపు కింద అచ్చం ఇలాగే ఉంటుంది. ఇక అన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. చిగురు మీద వచ్చే క్యాన్సర్ గాని, ఊపిరితిత్తులు, మూత్రపిండాల వంటి చోట్ల పుట్టి చిగురుకు పాకిన క్యాన్సర్ గాని అరుదుగా సరిగ్గా మీరు వర్ణించిన రూపంలోనే, ఎర్రగా రక్తమోడే బుడిపెగానే బయటపడుతుంది. చూపుతో వేసిన అంచనా చాలావరకు సరిగానే ఉంటుంది. తప్పిన ఆ కొద్ది సందర్భాలను పట్టుకోవడానికే సీసా మా దగ్గరకు రావాలి.

కత్తి తగిలితే ముదురుతుందన్న భయానికి ఆధారం లేదు. రియాక్టివ్ బుడిపెను కోసినందువల్ల అది క్యాన్సర్‌గా మారదు. నోటి క్యాన్సర్ అని అనుమానించినప్పుడు సైతం వైద్యానికి ముందు చేసే మొదటి పని బయాప్సీయే. ముందే వ్యాపించిన జబ్బు కోత తరువాత బయటపడిన సందర్భాలను చూసి ఈ మాట పుట్టి ఉంటుందని నా ఊహ. కోయడానికి ముందు ఆగి ఆలోచించవలసినది ఒక్కటుంది. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ రక్తం నిండేది, లేదా నాడిలా కొట్టుకునేది రక్తనాళాల గడ్డ కావచ్చు. స్కాన్ చేయించకుండా కుర్చీలో కూర్చోబెట్టి దాన్ని కోయకూడదు.

మందుల సంగతి. ఇందులో చీము ఉండదు కాబట్టి యాంటీబయాటిక్‌లతో తగ్గదు. 1897లో పయోజెనిక్ గ్రాన్యులోమాను వర్ణించిన పోన్సే, డోర్ అనే వైద్యులు ఫంగస్ వల్ల వచ్చిన జబ్బుగా భావించారు. 1904లో హార్ట్‌జెల్ అనే వైద్యుని వ్యాసం తరువాత స్థిరపడిన నేటి పేరు చీము పట్టిన గడ్డ అన్న భ్రమను కలిగిస్తుంది. రెండూ కాదు. పుక్కిలించే ద్రావణం వల్ల చుట్టూ ఉన్న వాపు కాస్త తగ్గి రక్తం కారడం తగ్గవచ్చు గాని, కాడతో సహా ఇంత పెరిగిన బుడిపె పూర్తిగా కరిగిపోతుందని ఆశించలేము.

సమాధానం: రెండుసార్లు తీయించుకున్న పాఠకురాలు

పై సమాధానం చదివాక నా అనుభవం కూడా పనికొస్తుందనిపించి రాస్తున్నాను. నాకు కింది దవడలో క్యాప్ వేసిన పన్ను పక్కన ఇటువంటిదే వచ్చింది. మొదటిసారి తీసినవారు లేజర్‌తో పైపైన తీసేశారు. రక్తం కారలేదు, కుట్లు పడలేదు, నేను సంతోషంగా ఇంటికి వచ్చాను. అయితే క్యాప్ అంచును ఎవరూ పరిశీలించలేదు, ముక్కను ఎక్కడికీ పంపలేదు. కొన్ని నెలలకు అదే చోట, అదే పరిమాణంలో తిరిగి వచ్చింది.

రెండవసారి చూసిన చిగుళ్ల నిపుణులు ముందుగా చేసిన పని ఆ క్యాప్‌ను తీసేయడం. అది చిగురు కిందికి దిగి, అంచు దగ్గర పాచి నిలిచేలా ఉందట. స్కేలింగ్ చేసి, అంటే గార తొలగించి, కొన్నాళ్లు ఆగి, వాపు తగ్గి బుడిపె కొంత కుదించుకున్నాక అప్పుడు కోశారు. ఈసారి కింద ఎముక మీది పొర వరకు తీసి, పంటి వేరును గీకి శుభ్రం చేశారు. నివేదికలో ఆసిఫయింగ్ ఫైబ్రోమా అని వచ్చింది. ఆ తరువాత ఇంతవరకు మళ్లీ రాలేదు.

నొప్పి గురించి అడగలేదు గాని చెబుతాను: మత్తు ఇంజెక్షన్ తరువాత ఏమీ తెలియలేదు, మరుసటి రోజు మాత్రం కాస్త సలిపింది. కోసిన చోట గులాబీ రంగు ప్యాక్ ఒకటి అద్ది పంపారు, దాన్ని నాలుకతో కదిలించకుండా ఉండడమే కష్టమైన పని. మీది ముందరి పళ్ల మధ్య కాబట్టి ఒక విషయం ముందే అడిగి తెలుసుకోండి. లోతుగా తీసినప్పుడు అక్కడి చిగురు తగ్గి, పన్ను పొడవుగా కనిపించే అవకాశం ఉంది. నాది వెనుక పన్ను కాబట్టి నేను పట్టించుకోలేదు.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫిల్లింగ్ అంచును సరిచేసిన తరువాతే కోత పెట్టించుకుంటాను, పరీక్షకు పంపమని నేనే అడుగుతాను. ఈ మాటలన్నీ విని మా అమ్మగారు తమ నోరు కూడా చూడమన్నారు. ఆవిడ చాలా ఏళ్లుగా ఒకే కట్టుడు పళ్ల సెట్టు వాడుతున్నారు. రాత్రిళ్లు కూడా తీయరు. కింది సెట్టు అంచు ఆనే చోట, పెదవికీ దవడకూ మధ్య రెండు మడతలుగా కండ పెరిగి, ఆ మడతల నడుమ సెట్టు అంచు సరిగ్గా కూర్చుంటోంది. ఇదీ అదేనా?

మరొక పాఠకురాలి ప్రశ్న

నేను ఆరవ నెల గర్భవతిని. నాకూ చిగురు మీద ఎర్రని బుడిపె వచ్చింది. బిడ్డకు ఏమైనా ప్రమాదమా? ఇప్పుడే తీయించుకోవాలా?

సమాధానం: చిగుళ్ల వైద్య నిపుణుడు

గర్భవతి అయిన సోదరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. దీని వల్ల బిడ్డకు ఎటువంటి ప్రమాదం లేదు. గర్భధారణలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు పెరగడం వల్ల, మామూలుగా చిన్న వాపుతో సరిపెట్టుకునే చిగురు అదే పాచికి అతిగా స్పందిస్తుంది. వచ్చేది పయోజెనిక్ గ్రాన్యులోమాయే. గర్భవతులకు వచ్చినదీ ఇతరులకు వచ్చినదీ మైక్రోస్కోపు కింద ఒకే రీతిగా ఉంటాయి. ప్రసవం తరువాత హార్మోన్లు తగ్గడంతో చాలా బుడిపెలు వాటంతట అవే కుదించుకుపోతాయి, కొన్ని పూర్తిగా మాయమవుతాయి కూడా. గర్భంతో ఉండగా తీస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అందువల్ల నమలడానికి అడ్డం రాకుండా, రక్తం విపరీతంగా కారకుండా ఉన్నంతవరకు స్కేలింగ్ చేయించుకుని, మెత్తని బ్రష్‌తో శుభ్రంగా ఉంచుకుంటూ ప్రసవం వరకు ఆగడమే మేలు. రక్తం వస్తోందని అక్కడ బ్రష్ చేయడం మానేయవద్దు. చాలామంది చేసేది అదే, దానివల్ల పాచి పెరిగి బుడిపె ఇంకా రేగుతుంది. తీయక తప్పని పరిస్థితి వస్తే, లిడోకెయిన్ మత్తుతో గర్భంలో కూడా తీయవచ్చు. పళ్ల వైద్యానికి అనువైనవి నాలుగు, ఐదు, ఆరు నెలలు కాబట్టి మీ దంతవైద్యులూ ప్రసూతి వైద్యులూ మాట్లాడుకుని నిర్ణయించడానికి ఇదే తగిన సమయం. ప్రసవం తరువాత రెండు మూడు నెలలకు కూడా మిగిలి ఉంటే అప్పుడు తీయించుకుని, ఆ ముక్కను పరీక్షకు పంపించండి.

ఇక మూలప్రశ్న అడిగినవారికి. తిరిగి రావడం గురించి పై పాఠకురాలు అనుభవంతో చెప్పినదే పాఠ్యగ్రంథాలు చెప్పేదీను. ఆసిఫయింగ్ ఫైబ్రోమా అధ్యయనాన్ని బట్టి 8 నుంచి 20 శాతం మందిలో తిరిగి వచ్చినట్టు నమోదైంది. జెయింట్ సెల్ రకం సుమారు పదింట ఒకరిలో తిరిగి వస్తుంది. తిరిగి రావడానికి మేము ప్రధానంగా చూసే కారణాలు రెండే: బుడిపె పునాది ఎముక మీది పొర నుంచో పంటిని పట్టి ఉంచే లిగమెంట్ నుంచో మొదలైతే పైపైన కోయడం, లేదా గారనో ఫిల్లింగ్ అంచునో అలాగే వదిలేయడం. లేజర్ మంచి సాధనమే, రక్తం కారే బుడిపెలకు సుఖంగా ఉంటుంది. అయితే దాని వేడికి అంచుల్లోని కణజాలం మాడిపోయి పాథాలజిస్టుకు చదవడం కష్టమవుతుంది కాబట్టి, చిన్న బుడిపె అయితే బ్లేడునే నేను ఎంచుకుంటాను. ముందరి చిగురు అందం పోకుండా ఉండడానికి కోసిన చోటికి పక్కనున్న చిగురును జరిపి గాని, అంగిలి నుంచి చిన్న ముక్క తెచ్చి గాని కప్పవచ్చు. ఆ అవసరం ఉంటుందా అని కోతకు ముందే అడగండి.

మీ అమ్మగారిది కూడా ఈ కోవకు చెందినదే. పళ్లు తీసేసిన తరువాత దవడ గట్టు ఏళ్ల తరబడి అరుగుతూ ఉంటుంది, సెట్టు మాత్రం మొదటి రోజున చేసినట్టే ఉంటుంది. గట్టు తగ్గేకొద్దీ సెట్టు కిందికి దిగి, దాని అంచు మెత్తని పొరను నొక్కుతుంది, ఆ నొక్కుడుకు అటూ ఇటూ మడతలు పెరుగుతాయి. అంచును అరగదీసి, కొన్ని వారాలు సెట్టు వాడకాన్ని బాగా తగ్గిస్తే, కొత్తగా వచ్చిన మెత్తని మడతలు చాలావరకు అణిగిపోతాయి. ఏళ్లనాటివి పీచుబారి గట్టిపడి ఉంటాయి కాబట్టి వాటిని కోసి తీసి, మానిన తరువాత కొత్త సెట్టు చేయించాలి. పాత సెట్టునే తిరిగి పెడితే మడతలు తిరిగి వస్తాయి. రాత్రిళ్లు తీయరన్నారు కాబట్టి పై సెట్టు తీసి అంగిలిని కూడా చూడమనండి. ఎర్రని చిన్న చిన్న గులకరాళ్లు పరిచినట్టుగా ఉంటే అది కూడా సెట్టు వల్ల వచ్చిన పెరుగుదలే, దానికి తోడు క్యాండిడా ఫంగస్ చేరి ఉంటుంది. రాత్రి సెట్టు తీసి శుభ్రం చేసి నీటిలో ఉంచడం, ఫంగస్‌కు మందు వాడడం వల్ల ఆ ఎరుపు తగ్గుతుంది.

మీ అమ్మగారి విషయంలో వెంటనే చూడవలసినది ఒకటుంది. ఆ మడతల మధ్య లోయలో సెట్టు అంచు ఒరిసి పుండు పడడం మామూలే, సెట్టు తీసి ఉంచితే అది కొద్ది రోజుల్లో మానుతుంది. సెట్టు వాడకుండా రెండు వారాలు గడిచినా మానని పుండు గాని, అంచులు గట్టిగా లేచి ఉన్న పుండు గాని, పెదవిలో తిమ్మిరి గాని ఉంటే కొత్త సెట్టు సంగతి పక్కన పెట్టి ముందు అక్కడి నుంచి బయాప్సీ తీయించండి.